సుగ్గికి పోయే ముందు చిన్నపిల్లల గురించి ఒక మాట

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మధ్యాహ్నం చేసిన ప్రసంగం పాఠం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం. సభ్యులు అడిగిన ప్రశ్నలు, వాటికి చెప్పిన జవాబులు చివర్లో చేర్చాం.)



పొద్దుటి నుంచి లెక్కలు విన్నారు. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బకాయి ఎంత, ఏ గ్రామ సంఘం ఏ గ్రేడులో ఉంది, అన్నీ చదివినారు. అన్నం తిన్నాక కండ్లు మూతలు పడే టైములో నాకు మైకు ఇచ్చినారు. అందుకని నేను లెక్కలు చదవను. మన ఇండ్లలో ఉన్న ఐదేళ్లలోపు పిల్లల మనసు గురించి మాట్లాడతాను. పిల్లల బరువు, ఎత్తు అంగన్‌వాడీలో చూస్తారు. టీకాలు వేస్తారు. మనసు ఎట్లా పెరుగుతోందో తూచే కాటా ఏదీ లేదు. అది మనమే చూసుకోవాలి.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, దసరా, దీపావళి దాటినాక మన పడమటి ఊళ్లు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకోతకు గుంటూరు వైపు, పల్నాడు వైపు, తెలంగాణ వైపు లారీలు, బొలేరోలు కదులుతాయి. దాన్నే మనం సుగ్గికి పోవడం అంటాం. బడికి పోయే పిల్లలకైతే సీజనల్ హాస్టళ్లు అన్నారు. బడి ఈడు రాని పిల్లలు మాత్రం రెండే చోట్ల ఉంటారు. తల్లి వెంట చేని గట్టు మీద గానీ, ఊళ్లో అవ్వ దగ్గర గానీ. ఆ రెండు, మూడు నెలలు ఆ పిల్లల లోపల ఏం జరుగుతుంది అనేది ఈరోజు సంగతి.

ఏడుపు ఆగిపోతే అలవాటైనట్టేనా?

మనలో ఒక మాట ఉంది. "రెండు రోజులు ఏడుస్తాడు, మూడో రోజు అలవాటైపోతాడు." ఈ మాట అవ్వలు అంటారు, మనమూ అంటాం. గుండె రాయి చేసుకొని పోవాలంటే ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా.

ఇంగ్లండులో కూడా డెబ్బై, ఎనభై ఏళ్ల కింద డాక్టర్లు, నర్సులు ఇదే మాట అనేవారు. అప్పట్లో అక్కడ ఆసుపత్రిలో చిన్నపిల్లల్ని చేర్చుకుంటే తల్లిని వార్డులో ఉండనిచ్చేవారు కాదు. చూడటానికి రావడం కూడా చాలా తక్కువ. తల్లి వచ్చి పోతే పిల్ల ఏడుస్తుంది, రాకపోతే నిమ్మళంగా ఉంటుంది, అందుకని రాకపోవడమే మేలు అన్నది వాళ్ల లెక్క.

జేమ్స్ రాబర్ట్‌సన్ అని ఒకాయన. పిల్లల మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ దగ్గర పనిచేసేవాడు. ఆ "నిమ్మళం" ఏమిటో చూద్దామని ఒక చిన్న కెమెరా తీసుకొని ఆసుపత్రికి పోయినాడు. రెండేళ్లు దాటిన లారా అనే పిల్ల బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు వార్డులో ఉంది. ఆ ఎనిమిది రోజులూ, రోజూ ఒకే వేళకు, గోడ మీద గడియారం కూడా కనిపించేట్టు సినిమా తీసినాడు. 1952లో దాన్ని డాక్టర్లకు చూపించినాడు.

ఆ పిల్ల గోల చేయలేదు. బుద్ధిగానే ఉంది. మధ్యమధ్యలో మాత్రం అమ్మ కావాలని అడుగుతుంది, ఏడుపు మింగుకుంటుంది. రోజులు గడిచే కొద్దీ ముఖంలో కళ తగ్గిపోయింది. తల్లి చూడటానికి వస్తే ఎగిరి మీద పడుతుందనుకుంటాం కదా, అది జరగలేదు. ముఖం తిప్పుకుంది. సినిమా చూసిన డాక్టర్లలో చాలామందికి కోపం వచ్చింది, మా ఆసుపత్రులను అవమానిస్తున్నావన్నారు. కానీ కొందరు తమ వార్డులకు పోయి పిల్లల్ని మళ్లీ చూసినారు. 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి పిల్లల్ని చూడొచ్చు, చిన్నపిల్లల తల్లులను ఆసుపత్రిలో ఉండనివ్వాలి అని సిఫారసు చేసింది.

రాబర్ట్‌సన్ ఇట్లాంటి పిల్లల్ని చాలామందిని చూసి మూడు మెట్లు చెప్పినాడు. మొదటి మెట్టు ఏడుపు, పేచీ. పిల్ల అమ్మ కోసం పోరాడుతుంది. రెండోది దిగులు. ఏడుపు తగ్గుతుంది, ఆట తగ్గుతుంది, ముద్ద మింగదు, ఒక మూల కూచుంటుంది. మూడోది ముభావం. మళ్లీ తింటుంది, ఎవరు పిలిచినా పోతుంది, నవ్వుతుంది, తల్లి వస్తే పట్టించుకోదు. మనం "అలవాటైపోయినాడు" అనేది రెండో మెట్టు దగ్గరో, మూడో మెట్టు దగ్గరో. ఏడ్చే పిల్లకు ఇంకా ఆశ ఉంది. అడిగితే వస్తుందని నమ్మకం ఉంది. ఊరకే ఉన్న పిల్ల ఆ నమ్మకం వదులుకుంటూ ఉండొచ్చు. కాబట్టి అక్కా, అవ్వ దగ్గర వదిలిన పిల్ల నిమ్మళంగా ఉంది అని ఫోన్‌లో చెప్తే, ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. ఆడుకుంటున్నాడా? ఎవరి ఒడిలోకైనా పోయి కూచుంటున్నాడా?

అన్నం, పక్క ఉంటే చాలదని ఎట్లా తెలిసింది

రుమేనియా అని యూరప్‌లో ఒక దేశం. అక్కడ చౌషెస్కు అనే పాలకుడు జనాభా పెరగాలని 1966లో గర్భస్రావాలు నిషేధించినాడు. సాకలేని పిల్లల్ని ప్రభుత్వ అనాథాశ్రమాల్లో వదలండి, మేం చూసుకుంటాం అన్నది ఆ ప్రభుత్వం. 1989లో ఆ పాలన కూలిపోయే నాటికి ఆశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలున్నారు. ఒక ఆయా మీద చాలామంది పిల్లలు. టైముకు పాలసీసా, టైముకు స్నానం. ఎత్తుకునే మనిషి లేదు, పేరు పెట్టి పిలిచే మనిషి లేదు. షిఫ్టు మారితే ఆయా మారుతుంది.

2000లో అమెరికా నుంచి కొందరు శాస్త్రవేత్తలు బుకారెస్టు నగరానికి వచ్చి, ఆశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లల మీద పరిశీలన మొదలుపెట్టినారు. అందరూ ఆరు నెలల నుంచి రెండున్నరేళ్ల లోపు వాళ్లు. చీటీ వేసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చినారు. మిగిలిన సగం ఆశ్రమంలోనే ఉన్నారు, తర్వాత కొందరు ఇండ్లకు చేరినారు. మూడున్నరేళ్ల వయసుకు చూస్తే, పెంపుడు కుటుంబాల్లో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తమను సాకే మనిషి మీద గట్టి భరోసా ఏర్పడింది. రెండో గుంపులో అయిదుగురిలో ఒకరికి కూడా పూర్తిగా ఏర్పడలేదు. తెలివితేటల పరీక్షలో కూడా తేడా కనబడింది. రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి పోయిన పిల్లలు ఎక్కువ బాగుపడినారు.

అక్కడి పిల్లలకు, మన పిల్లలకు పోలిక లేదు, అది నాకు తెలుసు. మన పిల్లలకు అవ్వ ఉంది, పిన్ని ఉంది, పక్కింటి వదిన ఉంది. వాళ్ల కథ ఎందుకు చెప్పినానంటే, అన్నం, గుడ్డ, పక్క, గోడ అన్నీ ఉండి మనిషి లేకపోతే ఏమవుతుందో అది చూపించింది. పసిబిడ్డకు మనిషి తోడు కూడా పోషకాహారం లాంటిదే. మెదడు రెండేళ్లు నిండేసరికే పెద్దవాళ్ల మెదడు సైజులో సుమారు నాలుగింట మూడు వంతులకు పెరుగుతుంది. ఆ పెరిగే కాలంలో బిడ్డ ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారా, నవ్వితే ఎవరో ఒకరు తిరిగి నవ్వుతారా అనేది లోపల నమోదవుతూ ఉంటుంది.

మన పంచసూత్రాలు మీకు కంఠతా వచ్చు. మొదటి రెండూ ఏమంటాయి? క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు. ఒకసారి పదివేలు తెచ్చి కట్టి ఆరు నెలలు కనబడని సభ్యురాలిని సంఘం నమ్మదు. నెలనెలా వంద కట్టే ఆమెను నమ్ముతుంది. పసిబిడ్డ కూడా అంతే. సుగ్గి నుంచి వచ్చినప్పుడు తెచ్చే బొమ్మ, కొత్త గౌను మంచివే. కానీ బిడ్డకు నమ్మకం కుదిరేది రోజూ అదే మనిషి, అదే గొంతు, అదే చెయ్యి వచ్చినప్పుడు.

భయం ఒంట్లో ఎట్లా కాపురం పెడుతుంది

ఇప్పుడు మనసుకు తగిలే దెబ్బల సంగతి. భయం వేస్తే మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది, చేతులు చల్లబడతాయి. పెద్దవాళ్లం మనకు మనమే సర్ది చెప్పుకుంటాం. పసిపిల్లలకు ఆ శక్తి ఉండదు. ఎవరో ఎత్తుకొని, వీపు నిమిరి, "ఏం కాలేదులే నాయినా" అంటే ఆ దడ దిగుతుంది. ఇట్లా వందలసార్లు పెద్దవాళ్ల చేత దించుకొని, దించుకొని, నాలుగైదేళ్లకు తనకు తానుగా దించుకోవడం నేర్చుకుంటాడు. కోపం ఆపుకోవడం, దిగులు ఓర్చుకోవడం, అడిగింది ఇవ్వకపోతే కాసేపు ఆగడం ఇవన్నీ అట్లా వచ్చే విద్యలే.

దించే మనిషి లేకుండా భయం రోజూ వస్తే? మెదడులో భయాన్ని పసిగట్టే భాగం ఎప్పుడూ మేలుకొని ఉంటుంది. ఆ పిల్లవాడు చిన్న శబ్దానికి ఉలిక్కిపడతాడు. బడిలో పక్క పిల్లాడి చెయ్యి తగిలితే కొట్టడానికి వచ్చినాడనుకుంటాడు. టీచరు చెప్పేది చెవికెక్కదు, ఎందుకంటే వాడి ధ్యాస అంతా తలుపు మీద ఉంటుంది. మనం వాణ్ణి మొండోడు, చదువు రానోడు అంటాం. కొందరు పిల్లలు ఇంకో తీరు. ఏమీ అడగరు, ఏమీ చెప్పరు, మూలకు ఒదిగిపోతారు. వాళ్లను బంగారంలాంటి పిల్లలని మెచ్చుకుంటాం. ఇద్దరి లోపల ఉన్న భయం ఒకటే అయి ఉండొచ్చు.

అమెరికాలో శాన్ డియాగో అనే ఊళ్లో ఫెలిటీ, ఆండా అనే ఇద్దరు డాక్టర్లు పదిహేడు వేల మందికి పైగా పెద్దవాళ్లను చిన్నప్పటి కష్టాల గురించి అడిగినారు. 1998లో తొలి ఫలితాలు అచ్చయినాయి. కొట్టడం, తిట్టడం, పట్టించుకోకపోవడం, ఇంట్లో తాగుడు, ఇట్లా ఒక జాబితా వేసినారు. చిన్నతనంలో ఎన్ని రకాల కష్టాలు పడితే, పెద్దయ్యాక తాగుడు, దిగులు జబ్బు, గుండె జబ్బు లాంటివి అంత ఎక్కువగా కనబడినాయి. ఆ జాబితాలో ఒక అంశం ఉంది, అది మన సభలో గట్టిగా చెప్పాలి. తల్లిని కొడుతుంటే చూడటం. బిడ్డ మీద దెబ్బ పడకపోయినా, తల్లి మీద పడిన దెబ్బను బిడ్డ కష్టాల్లోనే రాసినారు. కాబట్టి గృహహింస ఆపడం ఆడమనిషి కోసమే అనుకోవద్దు. అది పసిబిడ్డ ఆరోగ్యం పని కూడా.

ఇదంతా తల్లి తప్పేనా?

ఇంత విన్నాక మీలో కొందరి ముఖాలు వాడిపోయినాయి. "నేను వదిలి పోయినాను, నా బిడ్డను నేనే పాడుచేసినానా" అని లోపల అనుకుంటున్నారు. అందుకే ఈ ముక్క నిదానంగా చెప్తాను.

మొదటిది. బిడ్డకు తల్లి ఇరవైనాలుగు గంటలూ కండ్ల ముందు ఉండాలని ఎవరూ రుజువు చేయలేదు. మేరీ ఐన్స్‌వర్త్ అనే ఆమె 1954, 55లో ఆఫ్రికాలోని ఉగాండా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లల్ని చూసింది. అక్కడి తల్లులు కూడా మన లాగే చేలల్లో పని చేసుకునేవాళ్లు. బిడ్డలు తల్లినే గాక ఇంట్లో ఉన్న ఇతరులనూ అంటిపెట్టుకున్నారు. తల్లి బిడ్డ ఏడుపును, నవ్వును ఎంత బాగా చదువుతుంది, ఎట్లా స్పందిస్తుంది అనేది ముఖ్యమని ఆమె గమనించింది.

రెండోది. ఉన్నంతసేపూ తప్పు లేకుండా చూసుకోవాలని కూడా లేదు. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే శాస్త్రవేత్త తల్లీబిడ్డల ముఖాలను వీడియో తీసి చూస్తే, ఇద్దరికీ పొత్తు కుదిరేది పదింట మూడు వంతుల సేపు మాత్రమే. మిగతా సేపంతా కుదరదు, మళ్లీ సర్దుకుంటారు. ఆ సర్దుకోవడంలోనే బిడ్డ నేర్చుకుంటాడు. అదే ఆయన ఇంకో పరీక్షలో, తల్లిని రెండు నిమిషాలు బిడ్డ ముందు ముఖంలో ఏ భావమూ లేకుండా కూచోమన్నాడు. బిడ్డ మొదట నవ్వింది, చేతులు చాపింది, తర్వాత కేక వేసింది, చివరికి తల తిప్పేసుకుంది. ఇప్పుడు మన చేతుల్లో సెల్‌ఫోన్ ఉంది. పాలిచ్చేటప్పుడు కూడా కండ్లు ఫోన్‌లో ఉంటే బిడ్డకు కనబడే ముఖం అట్లాంటిదే. రోజుకు ఎనిమిది గంటలు కూలికి పోయే తల్లి, వచ్చినాక పావుగంట ఫోన్ పక్కన పెట్టి బిడ్డను ఒళ్లో వేసుకుంటే అది చిన్న విషయం కాదు.

మూడోది. దెబ్బ తగిలిన మనసు కోలుకోలేదని కాదు. హవాయి ద్వీపాల్లో కావాయి అనే దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే ఆమె, తోటి పరిశోధకులు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చినారు. అందులో చాలా కష్టాల మధ్య పెరిగిన పిల్లలున్నారు. పేదరికం, ఇంట్లో తాగుడు, గొడవలు. వాళ్లలో సుమారు మూడో వంతు మంది చక్కగా స్థిరపడినారు. వాళ్ల బతుకుల్లో కనబడిన వాటిల్లో ముఖ్యమైనది, కనీసం ఒక్క పెద్దమనిషి వాళ్లను గట్టిగా పట్టుకొని ఉండటం. అవ్వ కావచ్చు, మేనత్త కావచ్చు, టీచరు కావచ్చు, పొరుగామె కావచ్చు.

తల్లి సుగ్గికి పోవాల్సిన పరిస్థితి తల్లి పుట్టించింది కాదు. వాన లేదు, చేలో పంట లేదు, ఊళ్లో పని లేదు, అప్పు ఉంది. అందుకని ఆమె ఒక్కతే తలదించుకోవాల్సిన పని లేదు. బిడ్డకు నిలకడగా ఒక మనిషిని చూపించే బాధ్యత తండ్రిది, కుటుంబానిది, సంఘానిది కూడా. ఇప్పుడు సంఘం ఏం చేయగలదో చెప్తాను.

సంఘం పట్టుకోదగ్గ పనులు

ఒకటి. సుగ్గికి పోయే ముందు జరిగే గ్రామ సంఘం సమావేశంలో ఒక చిన్న జాబితా రాయండి. ఎవరి పిల్ల, వయసెంత, ఎవరి దగ్గర ఉంటుంది, ఆ అవ్వకు చూపు, చెవి, కాళ్లు బాగున్నాయా, ఆమెకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు. ఊళ్లో ఉండిపోయే సభ్యురాలు ఒకామె పేరు ఆ పిల్ల పేరు పక్కన రాయండి. ఆమె వారానికి రెండుసార్లు పోయి పలకరించాలి. మినిట్స్ బుక్కులో రాస్తే అప్పు వాయిదా అడిగినట్టే దీన్నీ అడుగుతాం.

రెండు. పిల్లలను మూడిళ్లకు తిప్పొద్దు. ఈ వారం అవ్వ, వచ్చే వారం మేనమామ, ఆ పై వారం పిన్ని అంటే బిడ్డకు ఎవరి మీదా నమ్మకం కుదరదు. ఒకే ఇల్లు, ఒకే మనిషి.

మూడు. నిద్రపోతుంటే చెప్పకుండా లేచిపోవద్దు. ఏడుస్తారని అట్లా పోతాం. బిడ్డ లేచి చూస్తే మనిషి లేదు. ఆ తర్వాత ఆ బిడ్డకు నిద్ర అంటేనే భయం పట్టుకోవచ్చు. ఏడ్చినా సరే, చెప్పి పొండి. రెండేళ్ల పిల్లకు కూడా చెప్పొచ్చు: "అమ్మ మిరపకాయలు కోయడానికి పోతుంది, అవ్వ దగ్గర ఉండు, ఉగాది పండక్కు వస్తాను." వచ్చే రోజు తప్పకుండా రండి, కుదరకపోతే ఫోన్ చేసి చెప్పండి. వాడిన చీర ఒకటి ఉతక్కుండా వదిలి పొండి. పడుకునేటప్పుడు కప్పుకుంటే అమ్మ వాసన ఉంటుంది. ఫోన్ రోజూ ఒకే వేళకు చేయండి. రెండు నిమిషాలైనా చాలు.

నాలుగు. పిల్లల్ని వెంట తీసుకుపోయే వాళ్లకు. 1969లో ఢిల్లీలో ఒక కట్టడం పని దగ్గర కూలీల పసిపిల్లలు దుమ్ములో పడి ఉండటం చూసి మీరా మహదేవన్ అనే ఆమె అక్కడే గుడారంలో పిల్లల్ని చూసే చోటు మొదలుపెట్టింది. అదే మొబైల్ క్రెష్ సంస్థ అయింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో కూడా, పని చోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకన్నా ఎక్కువ ఉంటే ఒక మహిళను వాళ్లను చూసే పనిలో పెట్టాలి, ఆమెకు అందరితో సమానంగా కూలి ఇవ్వాలి అని రాసినారు. చేను కోతకు అది వర్తించదు గానీ, ఆ పద్ధతి మనం పెట్టుకోవచ్చు. లెక్క చూడండి. ఒక గుంపులో పదకొండు మంది ఆడవాళ్లు పోతే పది మంది కోస్తారు, ఒకామె గట్టు మీద నీడ కట్టుకొని పిల్లల్ని చూస్తుంది. వచ్చిన పది కూళ్లనూ పదకొండు మంది సమానంగా పంచుకోవాలి. కూలి 440 రూపాయలు అనుకుంటే ఒక్కొక్కరికి తగ్గేది 40 రూపాయలు. కిలోల లెక్క అయినా ఇదే పద్ధతి. ఆ నలభైకి బిడ్డ ఎండలో లేదు, పురుగుమందు డబ్బా దగ్గర లేదు, ఏడిస్తే ఎత్తుకునే మనిషి ఉంది. ఈ మాట మేస్త్రీతో అడ్వాన్సు తీసుకునే ముందే మాట్లాడుకోవాలి. ఆ చూసే ఆమెను రోజుకొకరిని మార్చొద్దు.

ఐదు. కాన్పు అయిన ఆమె నెలలు గడిచినా నవ్వకపోతే, బిడ్డను ఎత్తుకోవడానికి మనసు రాకపోతే, ఊరకే ఏడుస్తుంటే, "పొగరు" అనొద్దు, "గాలి సోకింది" అనొద్దు. అది మందు, మాట రెండింటితోనూ తగ్గే జబ్బు. ఆశా కార్యకర్తకు చెప్పండి, ఆసుపత్రికి తీసుకుపోండి. మనసు బాగాలేకపోతే తెలుగులో మాట్లాడటానికి టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. తల్లికి చెయ్యందిస్తే బిడ్డకు అందించినట్టే.

ఈ ఐదూ ఒకేసారి చేయమనను. మొదటి పని ఒక్కటి, ఆ జాబితా, ఈ సంవత్సరం ప్రతి గ్రామ సంఘంలో రాయాలని ఈ సభ తీర్మానం చేస్తే నా మాటకు విలువ ఇచ్చినట్టు అనుకుంటాను.

సభ్యుల ప్రశ్నలు

ప్రశ్న: మూడు నెలల తర్వాత వస్తే మా బిడ్డ నా దగ్గరికి రాలేదు మేడం. అవ్వ కొంగు వదల్లేదు. కడుపు తరుక్కుపోయింది.

జవాబు: తరుక్కుపోతుంది, ఎవరికైనా. కానీ ఆ బిడ్డ అవ్వను పట్టుకోగలిగింది, అది మంచి సంగతి. పట్టుకోవడం మరిచిపోలేదు. బలవంతంగా లాక్కోవద్దు, "నేను అమ్మను కదా, రావా" అని ఏడిపించొద్దు. అవ్వ పక్కనే కూచోండి. అవ్వ అన్నం పెడుతుంటే నీళ్లు మీరు తాగించండి. తర్వాత ముద్ద మీరు పెట్టండి. దగ్గరికి వచ్చినాక కొన్నాళ్లు అసలు వదలకుండా వెంటబడతాడు, బాత్రూముకు పోయినా ఏడుస్తాడు, కొడతాడు కూడా. విసుక్కోవద్దు. మళ్లీ పోతావేమోనన్న భయం అది. అవ్వను ఒక్కసారిగా దూరం చేయొద్దు.

ప్రశ్న: ఎత్తుకుంటే ఎత్తు అలవాటవుతుంది, ఏడ్చినప్పుడల్లా పోతే గారాబం అవుతుంది అని మా అత్త అంటుంది.

జవాబు: మూడేళ్ల పిల్లాడు చాక్లెట్ కోసం పడి దొర్లితే ఆ మాట వేరు. నెలల బిడ్డకు గారాబం తెలీదు. ఇందాక చెప్పిన ఐన్స్‌వర్త్ ఆ తర్వాత అమెరికాలో కొన్ని కుటుంబాలను ఏడాది పాటు గమనించి 1972లో రాసింది. మొదటి నెలల్లో ఏడుపుకు వెంటనే పలికిన తల్లుల బిడ్డలు, ఏడాది నిండే నాటికి తక్కువ ఏడ్చేవాళ్లు. అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. ఆమె చేతికే బిడ్డనివ్వండి, ఆమే ఎత్తుకుంటుంది.

ప్రశ్న: మా ఆయన తాగొచ్చి రాత్రి గలాటా చేస్తాడు. పిల్లలు అప్పటికి పండుకొని ఉంటారు. వాళ్లకేం తెలుస్తుంది?

జవాబు: తెలుస్తుందమ్మా. ఆరు నెలల నుంచి ఏడాది వయసున్న బిడ్డలను నిద్రలో ఉండగా మెదడు స్కాన్ తీసినారు, 2013లో అచ్చయింది. కోపంతో మాట్లాడే గొంతు వినిపిస్తే నిద్రలో కూడా మెదడు స్పందించింది. ఇంట్లో గొడవలు ఎక్కువ ఉన్న బిడ్డల్లో ఆ స్పందన ఎక్కువ ఉంది. నువ్వు ఒక్కదానివే మోయొద్దు. సంఘంలో చెప్పు. ఆ రాత్రి పిల్లలతో పోయి తలదాచుకోవడానికి ఒక ఇల్లు ముందే అనుకొని పెట్టుకోండి. 181కు ఫోన్ చేయొచ్చు. గృహహింస చట్టం 2005 నుంచి ఉంది, ఆ ఇంట్లో ఉండే హక్కు నీకు ఉంది. గొడవ అయిపోయినాక పొద్దున పిల్లలతో ఒక్క మాట చెప్పు: "రాత్రి నీకు భయమేసింది కదా. అది నీ వల్ల జరగలేదు." చాలామంది పిల్లలు తమ వల్లే అనుకుంటారు.

(ప్రసంగం తర్వాత, సుగ్గికి పోయే ముందు ప్రతి గ్రామ సంఘంలో ఆరేళ్లలోపు పిల్లల జాబితా రాసి, ఒక్కో పిల్లకు ఊళ్లో ఉండే సభ్యురాలిని అప్పగించాలని సభ చేతులెత్తి తీర్మానించింది. జాబితా నమూనా పేజీని గ్రామ సంఘాలకు వివోఏలు అందజేస్తారు.)